బెసెర్మ్యాన్ పలుకు: జనాభా లెక్కలూ, ఇంటి మాటలూ

1926లో సోవియట్ యూనియన్ జరిపిన జనాభా లెక్కల్లో బెసెర్మ్యానులు 10,035 మంది అని ఉంది. ఆ తరవాతి లెక్కల్లో ఆ పేరుకు గడి లేదు. 2002లో గడి మళ్ళీ వచ్చింది. అందులో 3,122 అని పడింది. 2010లో 2,201. మధ్య కాలమంతా వాళ్ళు ఆ నేలమీదే ఉన్నారు. ఆవుల్ని పితికారు, పెళ్ళిళ్ళు చేశారు, యుద్ధానికి వెళ్ళారు. లెక్కలు రాసే గుమాస్తా మాత్రం వాళ్ళని ‘ఉద్మూర్తులు’ అని రాసుకున్నాడు.

ఒక జాతిని కాగితంమీద చెరిపెయ్యడం, మళ్ళీ రాయడం మన పాఠకులకు వింత కాకపోవచ్చు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ చెరపటం గురించి కొంతా, ఆ కాగితం కింద బతికిన మాట గురించి ఎక్కువా. ఒక పలుకు ఉందని రాజ్యం ఒప్పుకోవడం ఒకటి. ఆ పలుకుతో మనుషులకు పొద్దు గడవటం ఇంకొకటి. ఈ రెంటినీ మనం తరచు కలగలిపి మాట్లాడతాం. మొదటిది సాధిస్తే రెండోది దానంతట అదే వస్తుందనుకుంటాం. బెసెర్మ్యానుల చరిత్ర అలా చెప్పడం లేదు.

ఉద్మూర్తియా వోల్గా, కామా నదుల ప్రాంతంలో, ఉరల్ పర్వతాలకు పడమటి వైపున ఉన్న చిన్న రిపబ్లిక్కు. ముఖ్యపట్టణం ఇజెవ్‌స్క్. ఆ ఊరి పేరు విననివాళ్ళు కూడా అక్కడ తయారైన తుపాకి పేరు వినే ఉంటారు. కలాష్నికోవ్ పనిచేసింది అక్కడే. ఉద్మూర్తు భాషకు దగ్గరి చుట్టం కోమి; దూరపు చుట్టాలు ఫిన్నిష్, హంగేరియన్. నామవాచకానికి దాదాపు పదిహేను విభక్తి రూపాలుంటాయి, లింగభేదం ఉండదు, ప్రత్యయం మీద ప్రత్యయం చేరుతూ పోతుంది. ఈ మాట వినగానే మన భాషాశాస్త్ర విద్యార్థులకు కాల్డ్‌వెల్ గుర్తుకు రావాలి. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేసినప్పుడు ఆయన మన భాషల్ని ‘సిథియన్’ అనే పెద్ద గుంపులోకి చేర్చి, ఈ ఫిన్నో–ఉగ్రిక్ భాషలతో పోలికలు వెతికాడు. తరవాత 1940లలో బరో కూడా శరీరభాగాల పేర్లు పక్కపక్కన పెట్టి చూశాడు. ఆ చుట్టరికం రుజువు కాలేదు. ప్రత్యయాలు అతికించే పద్ధతి ఒకటైనంత మాత్రాన తల్లి ఒకరు కానక్కరలేదు. అయినా తెలుగువాడి దృష్టి ఆ వైపు మళ్ళడానికి ఒక పాత దారి ఉందని చెప్పడానికి ఇది రాశాను.

బెసెర్మ్యానులు ఈ రిపబ్లిక్కుకు ఉత్తర భాగాన, చెప్త్సా నది పరీవాహకంలో, యుకమెన్‌స్కోయె, గ్లాజొవ్, బలెజినొ, యార్ జిల్లాల పల్లెల్లో ఉంటారు. చుట్టూ ఉత్తరాది ఉద్మూర్తులు, రష్యన్లు, చెప్త్సా తాతార్లు. వాళ్ళ పేరు ‘ముసల్మాన్’ అనే మాటకు రూపాంతరం. కాని వాళ్ళు ఆర్థొడాక్స్ క్రైస్తవులు. ఒకప్పుడు తురుష్క భాష మాట్లాడిన జనం, బహుశా వోల్గా బుల్గార్ల రాజ్యంతో సంబంధం ఉన్నవాళ్ళు, ఉద్మూర్తుల మధ్య స్థిరపడి వారి భాషలోకి మారారని చాలామంది పండితుల ఊహ. అది నిజమైతే, ఈ మాండలికమే ఒక పాత భాష పోయిన చోట మొలిచిన మాట. ‘అనాదిగా వస్తున్న స్వచ్ఛమైన తల్లిభాష’ అనే మాట వాడటానికి ఇక్కడ వీల్లేదు. నాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి సగం కారణం అదే. స్వచ్ఛత పేరుతో భాషను సమర్థించే వాదాలు మన దగ్గర చాలా విన్నాం. కలగలుపు వల్ల పుట్టిన పలుకుకు కూడా బతికే హక్కు అంతే ఉంటుందని చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

తమారా తెప్ల్యాషినా అనే పరిశోధకురాలు 1970లో బెసెర్మ్యానుల భాషమీద పూర్తి గ్రంథం వేసింది. జనాభా లెక్కల్లో ఆ జాతి లేని కాలమది. జాతి లేదు, దాని భాష మీద పుస్తకం ఉంది! ఈ పలుకులో ఉత్తరాది ఉద్మూర్తు లక్షణాలున్నాయి, దక్షిణాది లక్షణాలున్నాయి, రెండు వైపులా లేని సొంత లక్షణాలూ ఉన్నాయి; తురుష్క భాషల నుంచి వచ్చిన మాటలు గణనీయంగా ఉన్నాయి. అందువల్ల పటం మీద ఉత్తరాన ఉన్నా, దీన్ని ‘ఉత్తర మాండలికం’ అని తేల్చెయ్యడం భాషావేత్తలకు కుదరలేదు.

ఉద్మూర్తు సాహిత్యభాష ఎట్లా ఏర్పడిందో చూడకుండా ఈ మాండలికం స్థితి అర్థం కాదు. మొదటి వ్యాకరణం 1775లో అచ్చయింది. అది మతాధికారుల పని. ఆ తరవాత నూరేళ్ళకు పైగా ఉద్మూర్తు అచ్చులో కనిపించినది ప్రధానంగా మతప్రచారం కోసమే. అప్పట్లో వాళ్ళని రష్యన్లు ‘వోత్యాకులు’ అనేవారు. ఆ మాటలో ఉన్న చిన్నచూపు ఎంతటిదో ముల్తాన్ కేసు బయటపెట్టింది. 1892లో ఒక బిచ్చగాడి శవం తల లేకుండా దొరికితే, స్తారి ముల్తాన్ గ్రామంలోని ఉద్మూర్తు రైతులు తమ దేవతలకు నరబలి ఇచ్చారని ప్రభుత్వం అభియోగం మోపింది. రెండుసార్లు శిక్షపడింది. రచయిత కొరొలెంకో రెండో విచారణకు వెళ్ళి, విన్నది విన్నట్టు పత్రికలకెక్కించి, మూడో విచారణలో స్వయంగా నిందితుల తరఫున నిలబడ్డాడు. 1896లో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. ఉద్మూర్తుల తొలి రచయితగా లెక్కించే గ్రిగొరి వెరెష్చాగిన్ కూడా నిందితుల పక్షాన నిపుణుడుగా మాట్లాడాడు. ఒక జాతి సాహిత్యచరిత్ర మొదటి అధ్యాయంలోనే కోర్టు బోను ఉండటం మామూలు విషయం కాదు. తమ ఆచారాలూ, మాటలూ నేరానికి సాక్ష్యాలుగా చదవబడతాయనే భయం ఆ పల్లెల్లో ఎన్ని తరాలు ఉండిపోయిందో ఊహించవచ్చు.

విప్లవం తరవాత పరిస్థితి మారింది. ఇందులో సందేహం లేదు, దీన్ని తక్కువ చేసి చెప్పడం చరిత్రకు అన్యాయం. 1914లోనే లెనిన్ నిర్బంధ అధికారభాష అక్కరలేదని వాదిస్తూ వ్యాసం రాశాడు. 1920 నవంబరు 4న వోత్యాకుల స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. 1932లో ‘వోత్యాక్’ పోయి ‘ఉద్మూర్తు’ అనే సొంత పేరు అధికారికమయింది. బడులు వచ్చాయి, వాచకాలు వచ్చాయి, పత్రికలు వచ్చాయి. కుజెబాయ్ గెర్ద్ కవిత్వం రాశాడు, జానపద గేయాలు సేకరించాడు, పాఠ్యపుస్తకాలు తయారుచేశాడు. అషాల్చి ఒకి అనే కంటివైద్యురాలు ఉద్మూర్తు స్త్రీల గొంతును తొలిసారి ముద్రిత కవిత్వంలోకి తెచ్చింది. పదేళ్ళలో ఒక మాట్లాడే భాష రాసే భాషయింది.

రాసే భాష కావాలంటే ఏదో ఒక రూపాన్ని ఎంచుకోక తప్పదు. ప్రధానంగా మధ్య మాండలికాల మీద ఆధారపడి ఉద్మూర్తు సాహిత్యభాష నిలబడింది. బెసెర్మ్యానులకు జనాభా లెక్కల్లో అప్పటికి ప్రత్యేక గడి ఉంది, కాని ప్రత్యేక వాచకం లేదు. వాళ్ళ పిల్లల చేతికి వచ్చింది ఉద్మూర్తు వాచకం. రష్యన్‌తో పోలిస్తే అది ఎంతో దగ్గర; అయినా ఇంట్లో అమ్మ మాట కాదు. రష్యన్ ముందు ఉద్మూర్తు అల్పసంఖ్యాక భాష. బెసెర్మ్యాన్ ముందు అదే ఉద్మూర్తు ‘సరైన’ భాష. పీడితుడు తన కంటె చిన్నవాడి ముందు అధికారి కావడం భాషల్లోనూ జరుగుతుంది. ఇక్కడ దురుద్దేశం వెతకనక్కరలేదు. గెర్ద్ వంటివాళ్ళు తమ జాతిని నిలబెట్టే తొందరలో ఉన్నారు, వాళ్ళకి దొరికిన కాలం కూడా చాలా తక్కువ.

ఎంత తక్కువంటే, 1932లో గెర్ద్‌ని అరెస్టు చేశారు. ఫిన్నిష్ జాతుల విముక్తి కోసం రహస్యసంఘం పెట్టాడని అభియోగం. 1937 నవంబరు 1న సాందర్మొఖ్ అడవిలో కాల్చిచంపారు. 1958లో నిర్దోషి అని ప్రకటించారు. అషాల్చి ఒకిని కూడా 1933లో పట్టుకుని, తరవాత వదిలారు; ఆమె వైద్యురాలిగా బతికింది, యుద్ధంలో సైనిక వైద్యురాలిగా పనిచేసింది, కవిత్వం దాదాపు మానేసింది. సోవియట్ పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కొనుక్కుని పెరిగిన తరం మాది. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు మనకిచ్చినదానికి నేను కృతజ్ఞుణ్ణి, ఇప్పటికీ ఆ పుస్తకాలు నా అలమరలో ఉన్నాయి. కాని ‘సోవియట్ సాహిత్యం’ అని మేము చదివిన దాంట్లో గెర్ద్ పేరు నాకు తగల్లేదు. అభ్యుదయ సాహిత్యం తన చరిత్రను తాను రాసుకునేటప్పుడు ఇలాంటి పేర్లను వదిలి రాయడం కుదరదు.

1938లో జాతుల బడులన్నిటా రష్యన్‌ను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు వచ్చింది. 1958 విద్యాసంస్కరణ ఏ భాషలో చదివించాలో తల్లిదండ్రుల ఇష్టానికి వదిలింది. వినడానికి ప్రజాస్వామికంగా ఉంటుంది. ఉద్యోగం, కాలేజీ, నగరం అన్నీ ఒకే భాషలో ఉన్నప్పుడు తండ్రి ‘ఇష్టం’ ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఉద్మూర్తు క్రమంగా బోధనాభాష స్థానం పోగొట్టుకుని ఒక పాఠ్యవిషయంగా మిగిలింది. బెసెర్మ్యాన్‌కు ఆ మాత్రం స్థానం కూడా ఎప్పుడూ లేదు గనుక పోగొట్టుకున్నదీ కనిపించదు.

బడి కంటె పెద్ద దెబ్బ ఊరి మీద పడింది. ఇజెవ్‌స్క్ కర్మాగారాలు పల్లెల నుంచి మనుషుల్ని లాగాయి; కర్మాగారం భాష రష్యన్. 1960లు, 70లలో చిన్న గ్రామాలను ‘భవిష్యత్తు లేనివి’ అని ముద్రవేసి, బడీ దుకాణమూ ఎత్తేసి, జనాన్ని పెద్ద ఊళ్ళకు తరలించే విధానం రష్యా అంతటా నడిచింది. మాండలికానికి చిన్న ఊరే ఇల్లు. నలభై గడపల ఊళ్ళో అందరూ ఒకే మాట మాట్లాడతారు; ఆ నలభై గడపలూ నాలుగు భాషల పెద్ద ఊళ్ళో చెదిరితే, అందరికీ అర్థమయ్యే మాట రష్యన్ ఒక్కటే అవుతుంది. ఎవరూ ఎవరి నోరూ మూయించలేదు. కూడలి మారింది, కూడలిలో మాట మారింది.

ఇప్పుడు ఆ పలుకు ఎక్కడ బతుకుతోంది? ఆవుల కొట్టంలో, బంగాళదుంపల మడిలో, ఆవిరిస్నానపు గదిలో, అడవిలో పుట్టగొడుగులు ఏరుకునేచోట, ఇద్దరు ముసలమ్మలు కూచున్న బల్ల మీద. పింఛను కాగితం రష్యన్, ఆసుపత్రి రష్యన్, టెలివిజన్ రష్యన్. అమ్మమ్మ పొరుగామెతో బెసెర్మ్యాన్‌లో మాట్లాడుతూనే, మనవడు గుమ్మంలోకి వస్తే రష్యన్‌లోకి మారుతుంది. మనవడికి అర్థం కాకపోవడం వల్ల కాదు; చాలాసార్లు వాడికి అర్థమవుతుంది, బదులు మాత్రం రష్యన్‌లో చెపుతాడు. ఒక భాష ఇంట్లో వినేవాళ్ళకే మిగిలి, పలికేవాళ్ళకు లేకుండా పోయే దశ ఇది. అందులో మొదట పోయేది వ్యాకరణం కాదు, మొదట పోయేవి పనులు. చేత్తో నార వడకటం పోతే దానికి సంబంధించిన పాతిక మాటలు మౌనంగా వెళ్ళిపోతాయి. కొత్తగా వచ్చిన ట్రాక్టరు తన మాటలు తనే వెంట తెచ్చుకుంటుంది, అవి రష్యన్ మాటలు.

వెళ్ళిన మాటలూ ఉన్నాయి సుమా. రష్యన్ల వంటగా ప్రపంచానికి తెలిసిన ‘పెల్మెనీ’ అసలు పెర్మిక్ భాషల మాట. ఉద్మూర్తులో ‘పెల్’ అంటే చెవి, ‘న్యాన్’ అంటే రొట్టె. చెవి ఆకారంలో మడిచిన పిండి గనుక ‘పెల్న్యాన్’, చెవిరొట్టె. పెద్ద భాష ఆ వంటనీ పేరునీ తీసుకుంది, ఎక్కణ్ణించి తీసుకుందో మరిచింది.

ఇక్కడ మన గిడుగు రామమూర్తిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన చేసిన పోరాటాలు రెండు. వ్యావహారిక తెలుగు కోసం చేసినది మనకు కంఠతా వచ్చు. పర్లాకిమిడి కొండల సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలో చదువు చెప్పించాలని పడ్డ పాటు మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా మిగిలింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగులో పండితుడి భాష మీద పోట్లాడిన మనిషి, తెలుగే సవర మీద పండితుడి భాషగా కూచోకూడదని గ్రహించాడు. ఉద్మూర్తు సాహిత్యభాష నిర్మాతలకు ఆ రెండో పోరాటానికి తీరిక దొరకలేదు. మనకు తీరిక దొరికింది, మనం ఏం చేశామన్నది వేరే వ్యాసం.

సోవియట్ యూనియన్ కూలిన తరవాత, 1992లో ఉద్మూర్తియా సుప్రీం సోవియట్ ‘బెసెర్మ్యానులు’ అనే చారిత్రక నామాన్ని పునరుద్ధరించింది. 2000లో రష్యా ప్రభుత్వం అల్పసంఖ్యాక ఆదివాసీ జాతుల జాబితాలో చేర్చింది. సంఘాలు పెట్టుకున్నారు, పాత దుస్తులు పెట్టెల్లోంచి తీశారు, పండుగలు జరుపుకున్నారు. ఇదంతా ఆనందించవలసిందే. అయితే మొదట చెప్పిన అంకెలు మరోసారి చూడండి. గుర్తింపు వచ్చాక జరిగిన రెండు లెక్కల మధ్య, ఎనిమిదేళ్ళలో, మూడోవంతుకు కాస్త తక్కువమంది తగ్గారు. పెద్ద ఉద్మూర్తు సంగతీ అంతే: 1989లో సోవియట్ యూనియన్ మొత్తంలో దాదాపు 7 లక్షల 47 వేలమంది ఉద్మూర్తులుంటే, 2021లో రష్యాలో 3 లక్షల 86 వేలు. 2012లో బురానొవొ గ్రామపు ముసలమ్మలు యూరోవిజన్ పాటల పోటీలో ఉద్మూర్తులో పాడి రెండో స్థానం తెచ్చుకున్నారు. యూరప్ అంతా చప్పట్లు కొట్టింది. 2018లో రిపబ్లిక్కుల బడుల్లో జాతిభాష నేర్చుకోవడాన్ని పూర్తిగా ఐచ్ఛికం చేస్తూ, తల్లిదండ్రుల రాతపూర్వకమైన కోరిక మీద ఆధారపడేలా చట్టం మారింది. 1958 నాటి ‘ఇష్టం’ మళ్ళీ వచ్చింది. 2019 సెప్టెంబరు 10న అల్బెర్ట్ రాజిన్ అనే 79 ఏళ్ళ ఉద్మూర్తు పండితుడు ఇజెవ్‌స్క్‌లో శాసనసభ భవనం ఎదుట ఒంటికి నిప్పంటించుకుని మరణించాడు. చేతిలోని అట్టమీద అవార్ కవి రసూల్ గంజాతొవ్ కవితాపంక్తి ఉంది, తల్లిభాష గురించి. ఆయన మరణాన్ని కీర్తించాలని నాకు లేదు. అలాంటి మరణం ఏ భాషకూ ఒక్క కొత్త పలికేవాణ్ణి ఇవ్వదు. కాని చప్పట్లకూ ఆ మంటకూ మధ్య ఏడేళ్ళే ఉన్నాయన్నది మరిచిపోకూడదు.

మన మిత్రుల్లో కొందరి వాదన నేను ఎరుగుదును. ఉత్పత్తి విస్తరిస్తున్నకొద్దీ చిన్న భాషలు పెద్ద భాషల్లో కలవడం చరిత్ర గమనం, దానికి కన్నీళ్ళెందుకు అంటారు. 1950లో స్టాలిన్ భాషాశాస్త్ర సమస్యల మీద రాసినప్పుడు, రెండు భాషలు కలిస్తే మూడోది పుట్టదు, ఒకటి గెలుస్తుంది అని సూత్రీకరించాడు. భాష ఉపరితలం కాదని ఆయన అన్నది సరైన మాటే. ‘గెలుపు’ అన్న చోటే నాకు అభ్యంతరం. ఎవరి బడి, ఎవరి జీతం, ఎవరి కచేరీ అని అడగకుండా గెలుపు గురించి మాట్లాడితే భౌతికవాదం మిగలదు. పైగా బెసెర్మ్యాన్ చరిత్ర ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు. వాళ్ళ పెద్దలు భాష మారినా, ఆ మారిన భాషలో తమ పాత మాటలు దాచుకున్నారు. పక్కవాడి భాష తీసుకుని తమదైన మరో పలుకు చేసుకున్నారు. ఓడినవాళ్ళు చేసే పని కాదది. అప్పటి ఆ కలయిక పొలాల మధ్య, పెళ్ళిళ్ళ మధ్య, వందల ఏళ్ళు నెమ్మదిగా జరిగింది. ఇప్పటిది ఒక మనిషి జీవితకాలంలో, గుమ్మం దగ్గర జరుగుతోంది.

2003 నుంచి మాస్కో భాషాశాస్త్ర పరిశోధకులు, విద్యార్థులు షమర్దాన్ అనే బెసెర్మ్యాన్ గ్రామానికి వెళుతూ వచ్చారు. ఆ ఊరివాళ్ళ మాటల్ని విషయాల వారీగా అమర్చి పెద్ద నిఘంటువు అచ్చువేశారు. మాట్లాడిన కథలూ సంభాషణలూ రికార్డు చేసి దాచారు. చిన్న పల్లెటూరి పలుకుకు ఇంత శ్రద్ధగా పనిచేసినవాళ్ళకు నమస్కరించాలి. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. నిఘంటువు తయారయేది ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ నోట. చదివేవాళ్ళు ఎక్కువమంది విశ్వవిద్యాలయాల్లో. మొదటి ప్రపంచయుద్ధకాలంలో హంగేరియన్ పండితుడు మున్కాచి యుద్ధఖైదీల శిబిరాల్లో ఉద్మూర్తు సైనికుల పాటలు రాసుకున్న నాటినుంచి ఈ ఏర్పాటు పెద్దగా మారలేదు. రచయితల చేతిలో ఉన్నది ఇంకొకటి. 1958లో పుట్టి 1995లో మరణించిన మిహయిల్ ఫెదొతొవ్, ఆధునిక ఉద్మూర్తు కవిత్వంలో పేరున్నవాడు, బెసెర్మ్యానుల బిడ్డ. ఇంటిపలుకు ఒకటి, పత్రిక అచ్చువేసే పలుకు ఒకటి అయినప్పుడు కవి దేంట్లో రాయాలన్న ప్రశ్న మన యువరచయితలకు కొత్తగా వివరించనక్కరలేదు.

బెసెర్మ్యానులకు, ఉత్తరాది ఉద్మూర్తులకు ‘క్రెజ్’ అనే పాటలున్నాయి. వీటిలో చాలావాటికి స్థిరమైన సాహిత్యం ఉండదు. పెళ్ళికొక రాగం, సాగనంపడానికొక రాగం, అతిథి వస్తే ఒక రాగం. రాగం నిండా అర్థం చెప్పలేని ధ్వనులు, వాటి మధ్య పాడే మనిషి ఆ పూట సంగతులు, తన కష్టం, ఎదుటివారి పేరు అప్పటికప్పుడు అల్లి చేరుస్తుంది. మన జానపద సేకర్తలకు అలవాటైన పద్ధతిలో ‘పాఠం’ రాసుకుందామంటే రాసుకోవలసింది సగం దొరకదు. టేపు మీదికి ఎక్కేది ఆవిడ ఆ రోజు చేర్చిన మాటలు. మర్నాడు వేరే మాటలు చేరుస్తుంది, పక్కన కూచుని ఆ మాటలకు నవ్వేవాళ్ళో, కళ్ళు తుడుచుకునేవాళ్ళో ఉంటే. లేకపోతే ధ్వనులు మాత్రం పాడి ఊరుకుంటుంది.